గిబ్బన్ దగ్గర ఆగిపోయిన హవల్దారు గారికి

ప్రకాశం జిల్లా నుంచి ఒక పాఠకుడు నోటుబుక్కు కాగితాలు ఆరు నింపి ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 61. పంతొమ్మిదో ఏట సైన్యంలో చేరి, 24 ఏళ్ళు పనిచేసి హవల్దారుగా బయటికొచ్చారు. తర్వాత ఒక బ్యాంకులో గార్డుగా చేసి, ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నారు.

రెండేళ్ళ కిందట మనవడిని తీసుకుని ఒక మ్యూజియానికి వెళ్ళారట. అద్దాల పెట్టెలో బొటనవేలి గోరంత వెండి నాణెం, దాని మీద ఒక చక్రవర్తి తల. నల్గొండ వైపు దొరికిన రోమన్ నాణెం అని కింద రాసి ఉంది. "తాతా, వాళ్ళకీ ఆర్మీ ఉండేదా? నీలాగే డ్యూటీ చేసేవాళ్ళా?" అని పిల్లాడు అడిగాడు. ఈయన దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి ఫోన్లో వీడియోలు చూడటం మొదలుపెట్టారు. చూసేకొద్దీ ఆకలి పెరిగింది, నమ్మకం తగ్గింది. ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పడు. పుస్తకాలే చదవాలనుకుని, ఎవరో చెప్తే నాలుగు వేల చిల్లర పెట్టి గిబ్బన్ రాసిన రోమన్ చరిత్ర సంపుటాలన్నీ తెప్పించారు. నలభయ్యో పేజీ దాటలేదు. ఇలా కాదని సైన్యం మీదే పరిశోధన వ్యాసాల పుస్తకం ఇంకొకటి కొన్నారు. అది పన్నెండు పేజీలు. సగం పేజీ ఫుట్‌నోట్లే, అవీ లాటిన్‌లో, జర్మన్‌లో. "పేపర్ ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది. ఇది అర్థం కావట్లేదంటే నా బుర్ర మొద్దుబారిందా?" అని అడుగుతున్నారు.

ఇంట్లో సంగతి ఇంకొంచెం చిక్కు. పుస్తకాల ఖర్చు చూసి భార్య, "పెన్షన్ డబ్బులు పోసి కొంటున్నారు సరే, ఎప్పుడు చూసినా కత్తులూ యుద్ధాలే. ఆ రోమ్‌లో ఆడవాళ్ళే లేరా?" అన్నారట. సంక్రాంతికి కొడుకు వచ్చి ఉదయం తొమ్మిదికి నిద్ర లేస్తే, "ఈపాటికి రోమన్ సోల్జరు ఇరవై మైళ్ళు నడిచుండేవాడు" అని ఈయన ఒక మాట వదిలారు. "బానిసల చెమట మీద బతికిన రాజ్యం నాన్నా అది. దాన్ని చూసి మేం నేర్చుకోవాలా?" అని అతను ఎదురు తిరిగాడు. మాటా మాటా పెరిగింది. అప్పట్నుంచి ఫోన్ చేస్తే కోడలే ఎత్తుతోంది. వాట్సాప్‌లో రోమన్ క్రమశిక్షణ గురించి ఈయన పంపే మెసేజీలకి నీలం టిక్కులు పడుతున్నాయి గానీ జవాబు లేదు.

అడిగినవి మూడు. సైన్యం, సమాజం రెండూ తెలిసేలా ఏ పుస్తకాలు చదవాలి? ఈ వయసులో ఇది నా వల్ల అవుతుందా? లేక అంతా కట్టిపెట్టి మామూలుగా ఉంటే ఇంట్లో శాంతి ఉంటుందా?

హవల్దారు గారూ,

ముందు బుర్ర సంగతి. మీ బుర్రకి ఏమీ కాలేదు. గిబ్బన్ తన చరిత్రని 1776 నుంచి 1788 వరకు అచ్చు వేయించాడు. అది అప్పటి ఇంగ్లీషు. బడిలోనే లాటిన్ చదివి, రోమ్ కథ సగం ముందే తెలిసిన పెద్దమనుషుల కోసం రాసింది. పైగా ఆయన కథ ఎత్తుకునేదే క్రీ.శ. 2వ శతాబ్దం నుంచి. అప్పటికి రోమన్ సైన్యం పుట్టి కొన్ని వందల ఏళ్ళయింది. ఇంటర్వెల్ తర్వాత హాల్లోకి వెళ్ళి కూర్చున్నారు మీరు, అంతే. నేనూ డిగ్రీ రోజుల్లో గిబ్బన్‌ని రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ లైబ్రరీకి తిరిగిచ్చేశాను. ఇక ఆ వ్యాసాల పుస్తకం, పరిశోధకులు ఒకరికొకరు రాసుకున్నది. ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకుంటుంటే మంచం మీద పేషెంటు విన్నట్టుంటుంది. దాన్ని అట్టపెట్టెలోనే ఉంచండి, రెండేళ్ళ తర్వాత పనికొస్తుంది.

ఇక మీరు ఉత్తరంలో ఎక్కడా రాయని విషయం ఒకటుంది. ఈ పుస్తకాలు రాసిన ప్రొఫెసర్లలో చాలామందికి లేనిది మీకుంది. మీరు 24 ఏళ్ళు ఫాలిన్‌లో నిలబడ్డారు. అది ఎలా పనికొస్తుందో చూడండి.

ఇంగ్లండు ఉత్తరాన విండొలాండా అని ఒక రోమన్ కోట ఉంది. అక్కడి బురదలో 1973 నుంచి పల్చటి చెక్కముక్కలు బయటపడుతున్నాయి. వాటి మీద సిరాతో రాత. సుమారు 1,900 ఏళ్ళ నాటి సైనికుల కాగితాలు అవి. ఒకదాని మీద మే 18 నాటి లెక్క ఉంది. తుంగ్రియన్లనే తెగ పేరు మీద ఉన్న ఒకటో కోహర్టు, అంటే కొన్ని వందల మంది దళం, మొత్తం బలం 752. బయట ఉన్నవాళ్ళు 456. వీళ్ళలో 337 మంది కోరియా అనే పక్క కోటలో, 46 మంది గవర్నరు గార్డులో, ఒక సెంచూరియన్, అంటే ఎనభై మంది మీద అధికారి, లండన్‌లో. కోటలో మిగిలింది 296. అందులో జబ్బుపడ్డవాళ్ళు 15, గాయపడ్డవాళ్ళు 6, కళ్ళకలక వచ్చినవాళ్ళు 10. డ్యూటీకి పనికొచ్చేవాళ్ళు 265.

ఇదేమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. పరేడ్ స్టేట్. ఇలాంటి కాగితం ఉదయం పూట మీ చేత్తోనే ఎన్నిసార్లు రాసుంటారో. చరిత్ర పాఠాల్లో కోహర్టు అంటే అటూ ఇటూ గీత గీసినట్టు నిలబడ్డ వందల మంది. ఈ కాగితంలో చూస్తే మూడింట రెండు వంతుల దాకా ఎక్కడెక్కడో డ్యూటీలో ఉన్నారు, లేదా సిక్ రిపోర్టులో ఉన్నారు. ఇది నిజమని చదవగానే మీకు తెలుస్తుంది, నాలాంటివాడికి ఇంకొకరు విడమరచి చెప్పాలి. అక్కడే దొరికిన ఇంకో చెక్కముక్కలో ఒక చిన్న అధికారి రేపటి ఆర్డర్లు ఏమిటని అడిగి, చివర్లో 'కుర్రాళ్ళకి బీరు అయిపోయింది, పంపించండి' అని రాశాడు. మరోదాంట్లో ఎవరో ఒక సైనికుడికి మేజోళ్ళూ, రెండు జతల చెప్పులూ, రెండు లోపలి చడ్డీలూ పంపినట్టు ఉంది. చలి అలాంటిది మరి.

జీతం సంగతి కూడా చూడండి. ఇప్పటి ఇజ్రాయెల్‌లోని మసాడా కోట దగ్గర ఒక సైనికుడి జీతం చీటీ దొరికింది. పేరు గాయస్ మెస్సియస్, ఊరు బీరూట్. చేతికి రావాల్సింది 50 డెనారీ, అంటే రోమన్ వెండి నాణేలు. కోతలు: బార్లీకి 16, తిండికి 20, బూట్లకి 5, తోలు పట్టీలకి 2, నార చొక్కాకి 7. కూడితే ఎంతో మీరే లెక్కేసుకోండి.

మ్యూజియంలో మీరు చూసిన వెండి నాణెం బహుశా డెనారియస్సే అయ్యుంటుంది. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో అలాంటివి వందల్లో దొరికాయి. మొదటి చక్రవర్తి అగస్టస్ కాలపు సైనికుడి రోజు జీతం పది అసులు, అంటే చిల్లర నాణేలు, డెనారియస్‌కి పదహారు అసులు. అంటే మీ మనవడు అద్దంలోంచి చూసింది ఒక రోమన్ జవాను ఒకటిన్నర రోజు డ్యూటీ కన్నా కొంచెం ఎక్కువ. పిల్లాడి ప్రశ్నకి మొదటి జవాబు ఇక్కడే దొరికింది.

అందుకే నా మాట, చక్రవర్తుల వైపు నుంచి రాకండి. కిట్టు, జీతం, గార్డు డ్యూటీ, డిశ్చార్జి, వీటి వైపు నుంచి రండి. అక్కడి నుంచి చూస్తే సమాజం దానంతటదే కనిపిస్తుంది.

అలా రావడానికి దారులు రెండు మూడున్నాయి. ఒక్కొక్కదానికీ ఒక్కో ఇబ్బంది ఉంది.

ఒకటి, ఏడ్రియన్ గోల్డ్స్‌వర్తీ రాసిన 'ది కంప్లీట్ రోమన్ ఆర్మీ'. 2003లో వచ్చింది. పెద్ద సైజు, నిండా బొమ్మలు, మ్యాపులు. భాష పేపరు ఇంగ్లీషుకి దగ్గరగా ఉంటుంది. భర్తీ దగ్గర్నుంచి డిశ్చార్జి దాకా ఒక సైనికుడి జీవితం వరసగా ఉంటుంది. మీకు ఎక్కువ సుఖంగా ఉండేది ఇదే. ఇబ్బంది ఏమిటంటే, ఇది చదివాక అంతా తెలిసిపోయిందనిపిస్తుంది. కోట గోడ లోపలే ఉండిపోతారు, బయట పొలం దున్నేవాడెవడో కనపడడు.

రెండోది అటువైపు నుంచి రావడం. మేరీ బియర్డ్ 2015లో రాసిన 'ఎస్.పి.క్యు.ఆర్.' రోమ్ పుట్టుక నుంచి క్రీ.శ. 212 దాకా నడుస్తుంది. సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ, అంటే బానిసలు కానివాళ్ళందరికీ, దాదాపుగా పౌరసత్వం ఇచ్చేసిన ఏడాది అది. హాయిగా కబుర్లు చెప్పినట్టు రాస్తుంది గానీ ప్రతి కథ దగ్గరా ఆగి 'ఇది మనకెలా తెలుసు?' అని అడుగుతుంది. సూటిగా జవాబు చెప్పే పుస్తకం కావాలనుకునేవాళ్ళకి చిరాకేస్తుంది. మీ ఉత్తరం తీరు చూస్తే మొదటి వంద పేజీలు మీకూ చిరాకే. సైన్యం కూడా తక్కువే.

ఈ రెంటికీ మధ్య రాబర్ట్ న్యాప్ పుస్తకం 'ఇన్విజిబుల్ రోమన్స్' ఉంది, 2011ది. రాజులు, సెనేటర్లు కాకుండా మిగతావాళ్ళ గురించి. మామూలు మగవాళ్ళు, ఆడవాళ్ళు, పేదలు, బానిసలు, విడుదలైన బానిసలు, సైనికులు, గ్లాడియేటర్లు, దారిదోపిడీ దొంగలు, ఇలా ఒక్కొక్కరికీ ఒక అధ్యాయం. మీరడిగిన 'సైన్యమూ సమాజమూ ఒకే చోట' అన్నదానికి నాకు తెలిసినంతలో దీనికంటే దగ్గరది లేదు. ఒక్క పుస్తకమే కొనగలిగితే గోల్డ్స్‌వర్తీ కొనాలా, న్యాప్ కొనాలా అన్నది మీ ఇష్టం. బొమ్మలు కావాలా, మనుషులు కావాలా అన్నదాన్ని బట్టి చూసుకోండి. మనవడితో కూర్చుని తిరగేయాలంటే మాత్రం మొదటిదే.

లారెన్స్ కెపీ 1984లో రాసిన 'ది మేకింగ్ ఆఫ్ ద రోమన్ ఆర్మీ', ఆయుధాల మీద బిషప్, కూల్‌స్టన్ కలిసి రాసిన పుస్తకం, ఇవి తర్వాత. మంచివే. ఇప్పుడే కొంటే మళ్ళీ అట్టపెట్టెలోకి పోతాయి.

ఏది చదివినా ముందు ఒక ప్రశ్న వేసుకోండి, ఇది ఏ కాలపు సైన్యం? వీడియోల్లో ఒకడు చెప్పింది ఇంకొకడు చెప్పకపోవడానికి సగం కారణం ఇదే. క్రీ.పూ. 216లో కార్తేజ్ సేనాని హానిబాల్ చేతిలో కానే అనే ఊరి దగ్గర ఓడిన సైన్యం, సొంత పొలం ఉన్న రైతులు తమ ఆయుధాలు తామే తెచ్చుకుని చేరిన సైన్యం. అగస్టస్ నాటికి అది జీతం తీసుకునే ఉద్యోగం. క్రీ.శ. 4వ శతాబ్దానికి అది మళ్ళీ వేరే. కాకతీయుల సైన్యాన్నీ నిజాం సైన్యాన్నీ మీ రెజిమెంటునీ కలిపి 'తెలుగువాళ్ళ సైన్యం' అని ఒక వీడియో తీస్తే ఎలా ఉంటుంది? సినిమాల్లో ప్రతి కాలంలోనూ ప్రతివాడికీ ఇనప పట్టీల కవచం తొడిగేది ఇలాగే. క్రీ.పూ. 107లో మారియస్ అనే రోమన్ సేనాని ఆస్తి లేనివాళ్ళని భర్తీ చేసుకున్నాడన్నది నిజమే. దాంతోపాటు కోహర్టులు, కిట్టు, గద్ద గుర్తు అన్నీ ఆయన ఒక్కడే ఒకేసారి మార్చేశాడని పాత పుస్తకాలు రాస్తాయి. ఇప్పటి చరిత్రకారులు చాలామంది దాన్ని ఒప్పుకోవడం లేదు. మీ చేతిలో పుస్తకం ఎంత పాతదో ఆ పేజీ చూస్తే తెలిసిపోతుంది.

ఆధునిక పుస్తకం ఒకటి చదువుతూ, పక్కన పాతవాళ్ళు రాసింది కొంచెం కొంచెం చదవండి. వీటికి డబ్బు అక్కర్లేదు. 19వ శతాబ్దంలో వచ్చిన ఇంగ్లీషు అనువాదాలు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. పుస్తకం మొత్తం చదవాలని పెట్టుకోకండి, నాలుగైదు పేజీలు చాలు.

పాలీబియస్ ఆరో పుస్తకంలో రాత్రి గార్డు గురించి రాసింది మీకు తప్పకుండా నచ్చుతుంది. ప్రతి పోస్టులోనూ ఒక చిన్న చెక్కపలక ఉంటుంది, దాని మీద ఆ పోస్టు గుర్తు. రౌండ్స్‌కి వచ్చినవాడు, గార్డు మెలకువగా ఉంటే పలక తీసుకుని పోతాడు. నిద్రపోతుంటే పక్కవాళ్ళని సాక్ష్యం పెట్టుకుని, పలక తీసుకోకుండా ముందుకెళ్తాడు. తెల్లారి పలకలు లెక్కేస్తే ఏ పోస్టుది రాలేదో తెలుస్తుంది. నిద్రపోయినవాడికి శిక్ష, తోటి సైనికుల చేత కర్రలతో రాళ్ళతో కొట్టించడం. చాలామంది అక్కడికక్కడే చచ్చిపోయేవాళ్ళు. ఇది రాసిన పాలీబియస్ గ్రీకు. క్రీ.పూ. 167లో రోమ్‌కి బందీగా వచ్చాడు. 'మనల్ని వీళ్ళు ఎలా ఓడించగలిగారు' అని తనవాళ్ళకి వివరించడం ఆయన పని.

జోసీఫస్ ఇంకో రకం. యూదుల తిరుగుబాటులో రోమ్ మీద పోరాడి, క్రీ.శ. 67లో లొంగిపోయి, తర్వాత రోమ్‌లోనే ఉండి రాశాడు. రోమన్ల కసరత్తులు రక్తం చిందని యుద్ధాలు, వాళ్ళ యుద్ధాలు రక్తం చిందే కసరత్తులు అన్న మాట ఆయనదే. మీరు వాట్సాప్‌లో పంపినవాటిలో ఇది తప్పకుండా ఉండే ఉంటుంది. ఇదంతా రోమన్లని పొగడటానికి కాదు, ఓడినవాళ్ళని ఓదార్చడానికీ, ఇంకెవరైనా తిరగబడదామనుకుంటే ఆపడానికీ రాశానని ఆయనే అదే చోట చెప్పుకున్నాడు. ఆ మాట మాత్రం మెసేజీల్లో రాదు.

ఇక ఇరవై మైళ్ళు. వేసవిలో ఐదు గంటల్లో ఇరవై రోమన్ మైళ్ళు, అంటే మన లెక్కలో ముప్పై కిలోమీటర్లకి కాస్త తక్కువ, నడిపించాలని రాసింది వెజీషియస్. ఆయన 4వ శతాబ్దం చివరో 5వ శతాబ్దం మొదటి సగంలోనో ఉన్న మనిషి. సైన్యంలో పనిచేసినట్టు ఎక్కడా కనపడదు. పాత పుస్తకాలు తిరగేసి, వేర్వేరు కాలాల పద్ధతులన్నీ కలిపేసి, 'మన పూర్వులు ఎలా ఉండేవాళ్ళు, ఇప్పటివాళ్ళు కవచం బరువని తీసి పారేస్తున్నారు' అని చక్రవర్తికి మొరపెట్టుకున్నాడు. ఆయన చెప్పింది జరిగిన సంగతి కన్నా జరగాలని కోరుకున్న సంగతే ఎక్కువ. కోపం తెచ్చుకోకండి గానీ, సంక్రాంతి నాడు మీ నోటివెంట వచ్చింది ఈ కాలం కుర్రాళ్ళ మీద విసుగెత్తిన ఇంకో పెద్దాయన మాట.

ఇప్పుడు మీ అబ్బాయి దగ్గరికి వద్దాం. అతను చెప్పింది తప్పు కాదు. సైన్యం గొప్పగా గెలిచేకొద్దీ పట్టుబడ్డవాళ్ళు బానిసలై ఇటలీకి వచ్చారు. వాళ్ళతో పెద్ద పెద్ద ఎస్టేట్లు నడిచాయి. ఏళ్ళ తరబడి యుద్ధాల్లో ఉన్న రైతు తిరిగొచ్చేసరికి పక్కవాడు అతని పొలం కలిపేసుకోవడం మామూలైంది. కీత్ హాప్కిన్స్ 1978లో రాసిన 'కాంకరర్స్ అండ్ స్లేవ్స్' మొదటి అధ్యాయం చెప్పేది ఈ చుట్టు గురించే. మీ పొగడ్త, అతని తిట్టు ఒకే ఖాతాలో జమ, ఖర్చు లాంటివి. పుస్తకం కష్టంగా ఉంటుంది, లెక్కలూ వాదనలూ. అతను చదువుకున్నవాడు కాబట్టి అతనికే ఇచ్చి, అర్థమైంది చెప్పమని అడగొచ్చు. అడిగితే చెప్తాడా అంటే హామీ ఇవ్వలేను. కోపంలో ఉన్నప్పుడు పుస్తకం పంపితే అది కూడా ఇంకో వాట్సాప్ మెసేజీలాగే తోచే ప్రమాదం ఉంది.

మీరు మెచ్చుకునే క్రమశిక్షణకి ఆ సైనికులు ఏమనేవాళ్ళో కూడా వినండి. క్రీ.శ. 14లో అగస్టస్ చనిపోగానే డాన్యూబ్ వైపున్న పన్నోనియాలో మూడు లీజియన్లు, అంటే ఒక్కోటి సుమారు ఐదు వేల మంది ఉండే పెద్ద దళాలు, తిరగబడ్డాయి. టాసిటస్ 'ఆనల్స్' మొదటి పుస్తకంలో ఉంది, పది పదిహేను పేజీలు. పెర్సెన్నియస్ అనే మామూలు సైనికుడు లేచి మాట్లాడతాడు. ముప్పై నలభై ఏళ్ళు సర్వీసు చేయిస్తున్నారు, ఒంటికీ ప్రాణానికీ కలిపి రోజుకి పది అసులు కడుతున్నారు, అందులోనే బట్టలు, ఆయుధాలు, గుడారం కొనుక్కోవాలి, చాకిరీ తప్పించుకోవాలంటే సెంచూరియన్‌కి లంచం ఇచ్చుకోవాలి అని. ఇదీ పూర్తిగా నమ్మేది కాదు. టాసిటస్ వందేళ్ళ తర్వాత రాశాడు, సెనేటరు, తిరగబడ్డ జవాన్లంటే ఆయనకి చులకన. అయినా తనకి నచ్చనివాడి నోట్లో అంత బలమైన మాటలు పెట్టాడంటే ఆ బాధలు జనానికి బాగా తెలిసినవే అయ్యుండాలి.

సిఫార్సుల సంగతి చూడాలంటే ఈజిప్టులో దొరికిన టెరెంటియానస్ ఉత్తరాలు చదవండి. 2వ శతాబ్దం మొదట్లో నౌకాదళంలో ఉన్న ఈ కుర్రాడికి కోహర్టులోకి మారాలని ఆశ. నాన్నకి రాస్తాడు, కత్తి పంపు, పికాసు పంపు, బూట్లు పంపు అని. ఆ మధ్యలోనే, ఇక్కడ డబ్బు లేనిదే ఏ పనీ జరగదు, సిఫార్సు ఉత్తరాలు దేనికీ పనికిరావు, ఎవడి పని వాడు చూసుకోవాల్సిందే అంటాడు. రోమన్ సమాజం మీద ఎన్ని అధ్యాయాలు చదివినా ఈ కుర్రాడి విసుగు మర్చిపోలేం. ఇలాంటి కాగితాలన్నీ విషయాలవారీగా ఒకచోట కావాలంటే బ్రయన్ క్యాంబెల్ 1994లో కూర్చిన 'ది రోమన్ ఆర్మీ' అనే ఆధారాల పుస్తకం ఉంది. రోజుకి ఒక కాగితం చొప్పున చదువుకోవచ్చు. డిశ్చార్జి కాగితాలు కూడా చూడండి. పౌరసత్వం లేని సైనికులు 25 ఏళ్ళు చేస్తే పౌరులయ్యేవాళ్ళు, కావాలంటే రెండు కంచు రేకుల మీద చెక్కించిన పత్రం తీసుకునేవాళ్ళు. మీ సర్వీసు కన్నా ఒక్క ఏడాది ఎక్కువ.

అమ్మగారి ప్రశ్న మీరు ఎగతాళిగా తీసుకున్నట్టున్నారు. నాకైతే ఉత్తరం మొత్తంలో మంచి ప్రశ్న అదే. సైనికులు సర్వీసులో ఉండగా పెళ్ళి చేసుకోకూడదని చట్టం, క్రీ.శ. 197 ప్రాంతంలో సెప్టిమియస్ సెవెరస్ దాన్ని సడలించేదాకా. కాయితం మీద భార్యలు లేరు, కోటల చుట్టూ మాత్రం సంసారాలున్నాయి, పిల్లలున్నారు. పెద్ద అధికారులకి ఆ నిషేధం లేదు. విండొలాండాలో కమాండరు భార్య సుల్పీషియా లెపిడినాకి ఇంకో కమాండరు భార్య క్లాడియా సెవెరా రాసిన ఉత్తరం దొరికింది. సెప్టెంబరు 11న నా పుట్టినరోజు, నువ్వొస్తే ఆ రోజు నాకు ఇంకా సంతోషంగా ఉంటుంది అని గుమాస్తా చేత రాయించి, అడుగున తన చేత్తో నాలుగు ముక్కలు కలిపింది. 'నీకోసం ఎదురుచూస్తుంటాను చెల్లీ, నా ప్రాణమా' అని. ఒక స్త్రీ స్వయంగా రాసిన లాటిన్‌లో మనకి మిగిలిన అతి పాత రాతల్లో అదొకటి. ఫొటో ఇంటర్నెట్‌లో ఉంది. గుమాస్తా రాత పొందిగ్గా, ఆవిడ రాత గజిబిజిగా. అమ్మగారికి అది చూపించండి. అలన్ బౌమన్ రాసిన 'లైఫ్ అండ్ లెటర్స్ ఆన్ ద రోమన్ ఫ్రాంటియర్' ఈ చెక్కముక్కల గురించే. కంటోన్మెంటు క్వార్టర్లలో ఉన్న రోజులు ఆవిడకీ గుర్తుంటాయి కదా. కోటలో ఇంకో ఆఫీసరు ఇంటి నుంచి పిలుపు కోసం చూడటం అంటే ఏమిటో మనిద్దరికన్నా ఆవిడకే బాగా తెలుసు.

ఖర్చు మాటలో మాత్రం ఆవిడదే న్యాయం. ఏడు వేలు పోసి యాభై పేజీలు చదివారు. ఇకనుంచి ఒక నియమం పెట్టుకోవచ్చు, చేతిలో ఉన్నది పూర్తయితేనే ఇంకోటి కొనడం. లేదా ఏడాది పాటు ఏమీ కొనకుండా ఉచితంగా దొరికే పాతవాళ్ళతోనే సరిపెట్టుకోవడం. రెండోదైతే ఇల్లు ప్రశాంతం, కానీ పాత ఇంగ్లీషుతో ఒంటరిగా కుస్తీ పడాలి, దారి చూపేవాడు ఉండడు. నేనైతే మొదటిదే పాటిస్తాను. గిబ్బన్‌ని అమ్మేయాలనిపిస్తుందేమో, అమ్మకండి, రేటు రాదు. పైగా ఆయన మొదటి అధ్యాయంలో పెద్ద భాగం 2వ శతాబ్దపు సైన్యం గురించే. గోల్డ్స్‌వర్తీ అయ్యాక ఆ ఒక్క అధ్యాయం తీయండి, ఆ నలభై పేజీలే ఈసారి వేరేలా కనిపిస్తాయి.

అంతా కట్టిపెట్టడం సంగతి. కట్టిపెడితే అబ్బాయి మాట్లాడతాడని నాకు అనిపించడం లేదు. గొడవ రోమ్ వల్ల రాలేదు, తొమ్మిదింటికి లేవడం మీద వచ్చింది. రేపు రోమ్ లేకపోతే మీ రెజిమెంటు వస్తుంది, అదీ కాకపోతే మీ నాన్నగారి కాలం వస్తుంది.

టాసిటస్ చెప్పిన ఆ తిరుగుబాటులోనే లూసిలియస్ అని ఒక సెంచూరియన్ ఉన్నాడు. చేతిలో ద్రాక్షతీగ బెత్తం. ఈయన జవాన్ల వీపు మీద బెత్తం విరిగేదాకా కొట్టి, విరగ్గానే "ఇంకోటి తే" అని అరిచేవాడు. అదీ విరిగితే ఇంకోటి. సైనికులు ఆయనకి 'ఇంకోటి తే' అనే పేరు పెట్టారు. తిరగబడిన రోజున ఆయన్ని చంపేశారు. ఇలాంటివాళ్ళు మీ సర్వీసులో ఒకరిద్దరు తగిలే ఉంటారు, వాళ్ళకీ జవాన్లు ఏదో ఒక పేరు పెట్టే ఉంటారు. ఆ పేర్లు మీ అబ్బాయికి ఎప్పుడైనా చెప్పారా? ఒక ఆదివారం కాస్త ఆలస్యంగా, పదింటికి, ఫోన్ చేయండి. కోడలు ఎత్తితే అబ్బాయికి ఇమ్మనండి. లూసిలియస్ కథ చెప్పి, తర్వాత మీవాళ్ళ పేర్లు చెప్పండి. వాట్సాప్‌లో మాత్రం పెట్టకండి.